కొప్పులలంక షట్‌డౌన్

మా కొప్పులలంక పురపాలక సంఘానికి దేవుడి దయవల్ల అన్నీ ఉన్నాయి. చెత్త లారీ ఉంది, లారీకి ఇద్దరు డ్రైవర్లున్నారు. పార్కు ఉంది, పార్కులో గాంధీగారున్నారు, గాంధీగారికి కళ్ళజోడు కూడా ఉంది. ఒక్క షట్‌డౌనే లేదు. మా కమిషనర్ భానుమూర్తిగారు అమెరికా వెళ్ళొచ్చేదాకా ఆ లోటు ఉందన్న సంగతే మాకు తెలీదు.

నేను ఈ ఆఫీసులో మేనేజరుని. జరిగింది జరిగినట్టు నేను చెబుతాను, ఊళ్ళోవాళ్ళు చెప్పేది నమ్మకండి. ఊళ్ళోవాళ్ళ దృష్టిలో పరిపాలనంటే కుళాయిలో నీళ్ళు రావడం. అంతకుమించి వాళ్ళ ఊహ పోదు, ఏం చేస్తాం!

కమిషనర్‌గారు వెళ్ళింది మురుగు కాలవల నిర్వహణ మీద అధ్యయనానికి. తీరా ఆ దేశం రాజధానిలో దిగేసరికి ప్రభుత్వం మూసేసి ఉంది. ఒక ఆఫీసో రెండు ఆఫీసులో కాదండీ, ప్రభుత్వమే. అక్కడ రెండు పార్టీలూ బడ్జెట్ దగ్గర పట్టుబట్టి కూర్చున్నాయిట. బడ్జెట్ తేలేదాకా దుకాణం బందు. ఈయన కలవాల్సిన అధికారి ఇంటికెళ్ళిపోయాడు. చూడాల్సిన మ్యూజియానికి తాళం. గేటు దగ్గర ఒక్క కాపలావాడు నిలబడి ఉన్నాడు. 'నువ్వొక్కడివే ఉన్నావేమిటయ్యా' అని అడిగితే, 'నేను అత్యవసరం, అందుకని జీతం లేకుండా పని చేస్తున్నాను' అన్నాట్ట. 'మరి మిగతావాళ్ళో?' అంటే, 'వాళ్ళు అత్యవసరం కాదు, అందుకని ఇంట్లో ఉన్నారు. గొడవ తేలాక ఇంట్లో ఉన్న రోజులకి కూడా జీతం ఇస్తారు' అన్నాట్ట.

ఆ మాట వినేసరికి మా కమిషనర్‌గారికి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. కాలవల సంగతి మరి చూళ్ళేదు. ఆ గేటు ముందు ఫొటో దిగి వచ్చేశారు.

వచ్చిన వారానికే కౌన్సిల్ సమావేశం పెట్టించారు. బజ్జీలు వచ్చేలోపే లేచి నిలబడ్డారు.

"గౌరవ సభ్యులారా! ప్రపంచంలోకెల్లా ధనవంతమైన దేశం సిద్ధాంతం కోసం తన ప్రభుత్వాన్ని తానే మూసుకోగలుగుతోంది. మన పురపాలక సంఘం ఏర్పడిన నాటి నుండి నేటి వరకు ఒక్క పర్యాయమైనా సిద్ధాంతరీత్యా మూతపడిన దాఖలాలు లేవు. వరదలకు మూతపడ్డాం, క్రికెట్టుకు మూతపడ్డాం. సిద్ధాంతానికి మూతపడలేదు. మనం వెనుకబడి యుండుటకు మూలకారణం ఇదేనని సవినయంగా మనవి చేస్తున్నాను."

సభ్యులందరూ బల్లలు చరిచారు. మునిసిపల్ ఛైర్మన్ సూరపురాజుగారికి ఒక్కటే సందేహం వచ్చింది.

"ఏవండీ కమిషనర్‌గారూ, మూస్తే మా గౌరవ వేతనం ఆగుద్దాండీ?"

"ఆగదండి. అక్కడ కూడా చట్టసభల సభ్యులకు జీతం ఆగదు. ఆ మాట వారి రాజ్యాంగంలోనే రాసి పెట్టుకున్నారు."

"ఎంత ముందుచూపండీ బాబూ!" అన్నారు ఛైర్మన్‌గారు నిండు మనసుతో. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

అసలు చిక్కు అక్కడే వచ్చి పడింది. షట్‌డౌన్ కావాలంటే ముందు బడ్జెట్ ఆగాలి. బడ్జెట్ ఆగాలంటే రెండు పక్షాలు కొట్టుకోవాలి. మా కౌన్సిల్లో రెండో పక్షం ఏదీ? అందరూ ఒకే కంచంలో తినేవాళ్ళాయె. ఏటా బడ్జెట్ చదవడం మొదలెట్టాక బజ్జీ చల్లారకముందే ఆమోదం అయిపోతుంది. అప్పుడు కమిషనర్‌గారు ఆలోచించి, వైస్ ఛైర్మన్ మేడిశెట్టి నూకరాజుగారిని తాత్కాలిక ప్రాతిపదికన ప్రతిపక్షంగా నియమిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. నూకరాజుగారూ ఛైర్మన్‌గారూ సొంత తోడల్లుళ్ళు. ఇద్దరూ ఒకే మోటారుసైకిలు మీద ఆఫీసుకొస్తారు.

"నన్నెందుకండీ ఇందులోకి లాగుతారు," అని నూకరాజుగారు తల గోక్కున్నారు. "అన్నయ్యగారిని ఎదిరించి నేనేం మాట్లాడతాను? ఇంటికెళ్తే మా ఆవిడ ఊరుకోదు."

"ఇది ప్రజాసేవండి. ఏదో ఒక అంశంపై విభేదించండి చాలు," అన్నారు కమిషనర్‌గారు.

అంశం కూడా ఆయనే వెతికారు. ఊరి మొదట్లో స్వాగత ద్వారం కట్టాలని బడ్జెట్‌లో ఉంది. అది రాజమండ్రి రోడ్డు వైపుండాలా, కాకినాడ రోడ్డు వైపుండాలా? ఛైర్మన్‌గారు రాజమండ్రి వైపన్నారు. నూకరాజుగారు కాసేపు నీళ్ళు నమిలి, కాకినాడ వైపన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. తమాషా ఏమిటంటే, పది రోజులు తిరిగేసరికి నూకరాజుగారికి ఆ మాట నిజంగానే తలకెక్కింది. కాకినాడ నుంచి వచ్చేవాళ్ళు మనుషులు కారా అని వీధి వీధికీ తిరిగి అడగడం మొదలెట్టారు. రాజమండ్రి వర్గం, కాకినాడ వర్గం అని ఊరు రెండుగా చీలింది. ఛైర్మన్‌గారి భార్యా నూకరాజుగారి భార్యా ఒక తల్లి కడుపున పుట్టినవాళ్ళే అయినా పేరంటాల్లో మొహాలు తిప్పుకున్నారు. తోడల్లుళ్ళు రెండు మోటారుసైకిళ్ళ మీద రావడం మొదలైంది. ప్రజాస్వామ్యం వేళ్ళూనుకుంటోందని కమిషనర్‌గారు సంతోషించారు.

ఇంక ఏప్రిల్ ఒకటిన మూసేయడమే తరువాయి అనుకున్నాం. దానికి ముందు మెట్టుగా ప్రజాభిప్రాయ సేకరణ చేస్తే బాగుంటుందని ఆయనా నేనూ ఆఫీసు ఎదురుగా ఉన్న కనకరత్నం ఇడ్లీ బండి దగ్గరికెళ్ళాం. కనకరత్నం నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. నాలుగిడ్లీలకి చెంబెడు చట్నీ పోస్తుంది.

"అమ్మా, ఏప్రిల్ నెలలో పురపాలక కార్యాలయం మూతపడినచో తమకు కలుగు ఇబ్బందులేమిటి?" అని కమిషనర్‌గారు అడిగారు.

ఆవిడ గరిట ఆపి మా ఇద్దరినీ ఎగాదిగా చూసింది. "మూసేత్తే నాకేటి బాబూ? మా సున్నపుబట్టీ సందులో కాలవ పూడిపోయి ఆరేళ్ళయ్యింది. వానొత్తే మురుగంతా మా వంటింట్లోకే. ఎన్నిసార్లు ఎక్కి దిగానో మీ మెట్లు. మీరు మూసినా అదే మురుగు, తెరిచినా అదే మురుగు. చట్నీ ఎయ్యమంటారా?"

అక్కడున్న నలుగురూ కిసుక్కున నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. కమిషనర్‌గారు మాత్రం నవ్వలేదు. తిరిగొచ్చేటప్పుడు రోడ్డు మధ్యలో ఆగిపోయారు.

"మేనేజరుగారూ! ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. మనం మూసినట్టు వీళ్ళకు తెలియాలంటే, ముందు మనం పని చేస్తున్నట్టు తెలియాలి. పని అలవాటు చేసి తరువాత లాగేస్తేనే కదా నొప్పి పుడుతుంది? నొప్పి లేనిదే షట్‌డౌన్ ఎక్కడిది?"

ఆ విధంగా మార్చి నెలంతా మా ఆఫీసు పని చేసింది. నా సర్వీసులో అలాంటి నెల చూళ్ళేదు, ఇంక చూస్తానన్న ఆశ కూడా లేదు. 'షట్‌డౌన్ పూర్వరంగ కార్యదీక్ష' అని దానికి పేరు. పొద్దున్నే తొమ్మిదింటికి అందరూ కుర్చీల్లో ఉన్నారు. కొన్ని కుర్చీలకి మనుషులున్నారని అప్పుడే తెలిసింది. వీధి దీపాలు వెలిగాయి. కుళాయిలో నీళ్ళొస్తే జనం భయపడి కాసేపు పట్టుకోలేదు. కుక్కలు కూడా చెత్తకుండీల దగ్గరికొచ్చి అందులో ఏమీ లేక బిక్కమొహాలేసుకుని వెళ్ళిపోయాయి.

మా ఆఫీసు పక్కనే ఉన్న సున్నపుబట్టీ సందులో కాలవ పని కూడా మొదలెట్టారు. ఆ సందుకి ఉన్నది ఒకటే దారి, అవతల అంతా గోడ. సందు మొదట్లో దారికి అడ్డంగా మనిషి లోతు గొయ్యి తవ్వారు. ఐదడుగుల వెడల్పు. అడుగున సిమెంటు పోసి, ఏప్రిల్ ఒకటో తారీఖున పైన పలకలు పరిచేస్తామని ఇంజనీరుగారు చెప్పారు. కనకరత్నం ఆనందం పట్టలేక ఆఫీసు మొత్తానికీ ఉప్మా పంపింది. ఆవిడ ఆనందానికి ఇంకో కారణం కూడా ఉంది. కూతురు సునంద తొలి కాన్పుకి పుట్టింటికొచ్చి ఉంది. తొమ్మిదో నెల. "పురిటి పిల్లని మురుగులో పడుకోబెట్టాలేమోనని గుండె కొట్టుకునేదండీ, మీ కడుపు సల్లగుండా," అని నాకు దణ్ణం పెట్టింది. నేను పెద్దరికంగా తలూపాను. కాలవకీ నాకూ సంబంధం లేదు, అయినా ఊపాను.

మార్చి ఆఖరి వారంలో అత్యవసర సిబ్బందిని నిర్ణయించే ఘట్టం వచ్చింది. షట్‌డౌన్‌లో కూడా పని చేయాల్సినవాళ్ళు ఎవరో తేల్చాలి. ఈ కబురు బయటికి పొక్కగానే ఆఫీసులో పండగ. నేనత్యవసరం అంటే నేనత్యవసరం. శానిటరీ ఇన్‌స్పెక్టర్‌గారు ఎమ్మెల్యేగారి చేత ఫోను చేయించారు. టౌన్ ప్లానింగ్ ఆయన, తను ఒక్క పూట లేకపోతే ఊళ్ళో మేడలన్నీ పక్కకి ఒరుగుతాయన్నాడు. బిల్లు కలెక్టర్ భార్య కమిషనర్‌గారింటికి వెళ్ళి, మా ఆయన అత్యవసరం కాదంటే మా పుట్టింట్లో తలెత్తుకోలేనండీ అని ఏడ్చిందిట.

మర్నాడు కమిషనర్‌గారు నిబంధనలు పూర్తిగా చదివి వినిపించారు. అత్యవసర సిబ్బంది జీతం లేకుండా పని చేయవలెను. అత్యవసరం కానివారు ఇంటివద్ద యుండవలెను, వారి జీతం తరువాత పూర్తిగా చెల్లించబడును.

తర్వాత శానిటరీ ఇన్‌స్పెక్టర్‌గారు మెల్లిగా లేచారు.

"సార్, నా గురించి ఎమ్మెల్యేగారు కాస్త ఎక్కువ చేసి చెప్పారు. నిజానికి నావల్ల ఏమీ అవదండీ."

ఇంక చూడండి! నిన్నటిదాకా లేని వినయం అందరిలోనూ పొంగిపొర్లింది. 'నేను నిరుపయోగిని' అని రుజువు చేసుకోవడానికి ఆఫీసు బయట బారులు తీరారు. ఇన్‌స్పెక్టర్‌గారు తన వార్డులో పట్టిన దోమల్ని సీసాలో పెట్టి తెచ్చారు. పిచ్చుకల్లా ఉన్నాయి. టౌన్ ప్లానింగ్ ఆయన, తను సెలవులో ఉండగా కట్టిన అక్రమ మేడలూ డ్యూటీలో ఉండగా కట్టినవీ పక్కపక్కన ఫొటోలు తీసి, తేడా చూపించమని సవాలు చేశాడు. బిల్లు కలెక్టర్ తన వార్డు నుంచి పెద్దమనుషుల్ని వెంటబెట్టుకొచ్చాడు. 'ఈయన్ని మేమెప్పుడూ చూళ్ళేదండీ' అని వాళ్ళు ప్రమాణం చేశారు. ఇంజనీరుగారు ఏ సాక్ష్యమూ తేలేదు. కమిషనర్‌గారిని తన జీపులో ఎక్కించుకుని, తను వేయించిన రోడ్డు మీద తిప్పి తీసుకొచ్చారు. దిగగానే ఆయన నడుం పట్టుకుని సంతకం పెట్టేశారు.

చివరికి అత్యవసరంగా మిగిలినవాళ్ళు వీధులూడ్చేవాళ్ళు, నీళ్ళ ట్యాంకరు డ్రైవరు, ఆక్రమణల తొలగింపు దళం. వీధులూడ్చేవాళ్ళని ఎవరూ అడగలేదు, వాళ్ళకీ ఎవరూ చెప్పలేదు. వాళ్ళది కాంట్రాక్టు. కాంట్రాక్టువాళ్ళకి తర్వాత జీతం కూడా ఉండదు, అమెరికాలో కూడా ఉండదని కమిషనర్‌గారు ధైర్యం చెప్పారు. వీళ్ళతోబాటు ఇంకొకణ్ణి కూడా చేర్చారు. గోతిలో ఎవరూ పడకుండా ఎర్రజెండా పట్టుకుని నిలబడటానికి ఏసోబు అనే కాంట్రాక్టు కూలీ. గోతిని మూసే పని అత్యవసరం కాదు గానీ, గొయ్యి ఉందని చెప్పే పని అత్యవసరం అని తేలింది.

నేనూ అత్యవసరమే అయ్యాను. అందరి నిరుపయోగ ఉత్తర్వులూ నేనే రాశాను కదా, అక్షరాలు బాగున్నాయన్నారు కమిషనర్‌గారు. బాగా పనిచేసి చెడ్డాను. ఆఫీసు గుమ్మం పక్కన నల్లబల్ల మీద 'షట్‌డౌన్, ఇన్నవ రోజు' అని రోజూ సుద్దముక్కతో రాయడం నా పని.

ఏప్రిల్ ఒకటిన బ్యాండు మేళంతో మూసేశాం. ప్రధాన ద్వారానికి దొరలనాటి టేకు తలుపులు, ఒక్కో రెక్కా నలుగురు మోసే బరువు. కమిషనర్‌గారు వాటిని మూయించి తాళం వేసి, తాళానికి హారతిచ్చారు. తోడల్లుళ్ళిద్దరూ ఆఫీసు ముందు చెరో షామియానా వేసుకుని, మూసింది నువ్వంటే నువ్వని మైకుల్లో తిట్టుకోవడం మొదలెట్టారు. టీవీవాళ్ళొచ్చారు. ఎవరిది తప్పు అని రోజూ చర్చ. ఎస్సెమ్మెస్ పోటీ కూడా పెట్టారు.

మూడో రోజున కనకరత్నం వచ్చింది.

"మేనేజరుగారూ, పలకలెప్పుడేత్తారండీ? పిల్లకి నెలలు నిండిపోతున్నాయి. సందులోంచి పిల్లి కూడా బయటికి రాలేకపోతోంది."

"ఇంజనీరుగారు ఇంటి దగ్గరున్నారమ్మా."

వాళ్ళింటికెళ్ళింది. ఆయన వాకిట్లో మావిడికాయలు తరుగుతూ, "నేను అత్యవసరం కాదమ్మా, రుజువు కూడా చేసుకున్నాను. ఇప్పుడొచ్చి పలకలేశాననుకో, ప్రభుత్వాన్ని మోసం చేసినట్టవదూ?" అన్నాట్ట.

ఆవిడ ఊరుకునే రకం కాదు. సందులో వాళ్ళని కూడేసి, ఎక్కడినుంచో నాలుగు తాటి దుంగలు తెప్పించి గోతి మీద అడ్డంగా వేయించింది. ఆ సాయంత్రమే ఆక్రమణల తొలగింపు దళం దిగింది. వాళ్ళు అత్యవసరం కదా! పురపాలక గోతిపై అనధికార కట్టడం అంటూ దుంగలు ఎత్తుకుపోయారు. పైగా కమిషనర్‌గారే వెళ్ళి సందులోవాళ్ళకి నచ్చజెప్పారు.

"షట్‌డౌన్ కాలంలో ప్రభుత్వ పనిని ఎవరూ స్వచ్ఛందంగా కూడా చేయరాదు. అది అమెరికాలో కూడా నిషిద్ధమే. దయచేసి సహకరించండి."

"అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు. అమెరికా గోతుల్లో పురిటోళ్ళని దింపుతారేటండీ?" అంది కనకరత్నం.

ఏసోబు జెండా పట్టుకుని గోతి పక్కనే నిలబడి అంతా వింటున్నాడు. సందులోవాళ్ళే అతనికి అన్నం పెడుతున్నారు, ఆఫీసు పెట్టట్లేదు కదా. మగవాళ్ళు గొయ్యి మీంచి దూకుతున్నారు. ఆడవాళ్ళు నిచ్చెన దిగి, నిచ్చెన ఎక్కి బయటికొస్తున్నారు. నెలలు నిండిన పిల్ల ఏ నిచ్చెన దిగుతుంది? కనకరత్నం ఇడ్లీ బండి మానేసి సందు మొదట్లోనే కూర్చోవడం మొదలెట్టింది. ఆఫీసు దాటుతున్నప్పుడల్లా నావంక చూసేది. నేను నల్లబల్ల తుడుచుకునేవాణ్ణి.

పదకొండో రోజు మధ్యాహ్నం. ఎండ మాడ్చేస్తోంది. షామియానాల్లో రెండు పక్షాలవాళ్ళకీ మజ్జిగ పంచుతున్నారు. కమిషనర్‌గారు టీవీ ఆయనతో, అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం మన షట్‌డౌన్ ఎంత ఆరోగ్యంగా ఉందో వివరిస్తున్నారు. అంతలో కనకరత్నం పరిగెత్తుకొచ్చింది. జుట్టు విడిపోయింది, కాళ్ళకి చెప్పుల్లేవు.

"బాబూ, పిల్లకి నొప్పులు మొదలయ్యాయి. ఉమ్మనీరు పోయింది. ఆటో గోతికి ఇవతలే ఆగిపోయింది. ఎవరైనా రండి బాబూ, మీకు దణ్ణం పెడతాను!"

ఛైర్మన్‌గారు మజ్జిగ గ్లాసు కింద పెట్టి మైకు అందుకున్నారు. "చూశారా ప్రజలారా! ఈ తల్లి కన్నీళ్ళకి పూర్తి బాధ్యత కాకినాడ వర్గానిదే!"

అవతలి షామియానాలోంచి నూకరాజుగారు గర్జించారు. "కాదు! ఆ పసిబిడ్డ ఉసురు రాజమండ్రి వర్గానికే తగులుద్ది!"

ఇంకా పుట్టని బిడ్డ ఉసురు ఎవరికి తగలాలో వాళ్ళిద్దరూ పంచుకుంటున్నారు. కనకరత్నం కమిషనర్‌గారి కాళ్ళ మీద పడబోయింది.

"అమ్మా, లేవండి. మీ అర్జీ అత్యంత సానుభూతితో పరిశీలించబడుతుంది. అయితే షట్‌డౌన్ ముగిసిన..."

సందు వైపు నుంచి ఆ పిల్ల కేక వినిపించింది. టీవీ ఆయన కూడా కెమెరా దించేశాడు. నాకు ఇద్దరు ఆడపిల్లలు. ఆ కేక వినగానే నాకు, నిజం చెబుతున్నాను, ఏడుపొచ్చింది. చేతిలో సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

కనకరత్నం లేచింది. ఇంక ఏడవలేదు. ఒక్కసారి చుట్టూ చూసింది. మనుషుల్ని చూసినట్టు లేదు, వస్తువుల్ని చూసినట్టు చూసింది. ఆవిడ చూపు మా టేకు తలుపుల మీద ఆగింది. పక్కనే కాలవ పనివాళ్ళు వదిలేసిన గడ్డపార ఉంది. అది అందుకుని తలుపు బందు కింద దూర్చి ఒక్క పోటు పొడిచింది.

"అమ్మా! అది ప్రభుత్వ ఆస్తి!" అని కమిషనర్‌గారు అరిచారు.

"నా కూతురు నా ఆస్తి! తప్పుకో!" అంది.

ఆరేళ్ళ మురుగూ ఆవిడ చేతుల్లో ఉంది ఆ రోజు. ఆవిడ కేక విని ఏసోబు కూడా వచ్చేశాడు, జెండా పారేసి రెండో బందు మీద పడ్డాడు. దొరలనాటి మేకులు కుయ్యోమన్నాయి. మజ్జిగ పోసేవాళ్ళు వచ్చారు, ఆటో అతను వచ్చాడు, టీవీ ఆయన వచ్చాడు. రాజమండ్రి వర్గం కుర్రాళ్ళూ కాకినాడ వర్గం కుర్రాళ్ళూ ఎటువైపు ఎవరు పట్టుకున్నారో చూసుకోలేదు. రెక్కలు రెండూ ఊడి వచ్చాయి, తాళం మధ్యలో వేలాడుతూనే ఉంది. ఒక మూల నేను పట్టుకున్నాను. ఎందుకు పట్టుకున్నానన్న దాని మీద నా మీద విచారణ ఇప్పటికీ జరుగుతోంది. నేనిచ్చిన సంజాయిషీ ఒకటే, బరువుగా ఉందని.

గోతి మీద తలుపు పరిచాం. దర్జాగా సరిపోయింది. ఆటో దాని మీదుగా సందులోకెళ్ళి, సునందనీ కనకరత్నాన్నీ ఎక్కించుకుని మళ్ళీ దాని మీదుగానే బయటికొచ్చి ఆసుపత్రి వైపు దూసుకుపోయింది. వెనకాల పరిగెత్తడానికి మాకు శక్తి లేదు. అందరం గోతి గట్టున కూలబడ్డాం. చీకటి పడకముందే కబురొచ్చింది. ఆడపిల్ల. తల్లీ పిల్లా క్షేమం. ఇంకో గంట ఆలస్యమైతే ఏమీ చెప్పలేకపోయేవాళ్ళమని డాక్టరమ్మ అందిట. ఏసోబు తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. అతని మీద విచారణ కూడా ఏమీ లేదు, ఆ సాయంత్రమే పనిలోంచి తీసేశారు. హెచ్చరించాల్సిన మనిషి దాటించాడని కారణం.

ఆ మర్నాడు మా ఆఫీసులో పెద్ద ధర్మసందేహం వచ్చింది. షట్‌డౌన్ ఉత్తర్వులో మొదటి వాక్యం, 'కార్యాలయ ప్రధాన ద్వారము మూసి, తాళము వేసి యుండవలెను' అని. రాసింది నేనే. తలుపే లేకపోతే మూసినట్టు ఎలా అవుతుంది? పురపాలక వకీలుగారు పుస్తకాలు తిరగేసి, తలుపు లేని ఆఫీసు చట్టరీత్యా తెరిచి ఉన్నట్టే అని తేల్చారు. అత్యవసరం కానివాళ్ళందరికీ కబురు వెళ్ళింది. ఇంజనీరుగారు ఆవకాయ కారం చేతుల్తోనే వచ్చారు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

షట్‌డౌన్ ముగించిన ఘనత నాదంటే నాదని తోడల్లుళ్ళిద్దరూ చెప్పుకున్నారు. కమిషనర్‌గారు రాజీ కుదిర్చారు. రెండు రోడ్లకీ రెండు స్వాగత ద్వారాలు. రెండో దానికి నిధులు ఎక్కడివీ అంటే, సున్నపుబట్టీ సందు కాలవ పలకలవి. ఇద్దరూ కావలించుకున్నారు, మళ్ళీ ఒకే మోటారుసైకిలెక్కారు.

బడ్జెట్ చదివి ముగించబోతుంటే వకీలుగారు అడ్డుపడ్డారు. "పలకలు వేయకపోతే మన తలుపు మనకెలా వస్తుందండీ?"

కమిషనర్‌గారు దళాన్ని తీసుకుని తలుపు కోసం వెళ్ళారు. సందులోని ఆడవాళ్ళందరూ తలుపు మీద చాపలేసుకుని కూర్చుని ఉన్నారు. కనకరత్నం ఆసుపత్రి నుంచి అన్నం క్యారేజీకని వచ్చి అక్కడే ఉంది.

"పట్టుకెల్లండి బాబూ, మీ తలుపు మాకెందుకు? పలకలేసి పట్టుకెల్లండి. రేపు బాలెంతనీ పసిదాన్నీ తీసుకురావాలి నేను."

ఆయన తిరిగొచ్చి ఆ మాటే చెప్పారు. పలకల డబ్బు ఒక ద్వారంలోంచి తీయాలి. నీ దాంట్లోంచి తియ్యంటే నీ దాంట్లోంచి తియ్యని తోడల్లుళ్ళు మళ్ళీ లేచారు. ఈసారి ఎవరూ నియమించలేదు, ఉత్తర్వు కూడా లేదు. చొక్కాలు పట్టుకున్నారు. బడ్జెట్ నిజంగానే ఆగిపోయింది. నిబంధన ప్రకారం తక్షణం షట్‌డౌన్ జరగాలి. జరగాలంటే తలుపు మూయాలి. తలుపు గోతి మీదుంది. కొత్త తలుపులు చేయిద్దామా అంటే అది కొత్త ఖర్చు, బడ్జెట్ లేదు. ఇంటికి పోదామా అంటే ఆఫీసు చట్టరీత్యా తెరిచి ఉంది. వకీలుగారు రెండు రోజులు ఆలోచించి, ఇంక పని చేయడం తప్ప మరో మార్గం కనిపించట్లేదని బాధగా చెప్పారు.

నిన్న పొద్దున్న పదింటికి కనకరత్నం వచ్చింది. మనవరాలు భుజం మీద నిద్రపోతోంది. ఏసోబు వెనకాలే ఉన్నాడు. గుమ్మంలో ఆపేవాళ్ళు లేరు, ఆపడానికి గుమ్మానికి ఏమీ లేదు. ముగ్గురూ నేరుగా కమిషనర్‌గారి బల్ల ముందుకొచ్చి నిలబడ్డారు.

"పలకలెప్పుడేత్తారండీ? ఈ ఏసోబుని పనిలోకి ఎప్పుడు తీసుకుంటారండీ?" అంది, పిల్ల లేవకుండా మెల్లిగా.

కమిషనర్‌గారు 'రేపు రండి' అనబోతూ గుమ్మం వైపు చూశారు. రేపు కూడా అది అలాగే ఉంటుంది. ఎల్లుండి కూడా. నావంక చూశారు. నేను సుద్దముక్క కింద పెట్టేశాను.

ఆయన నిట్టూర్చి కుర్చీ జరిపారు.

"కూర్చోండమ్మా," అన్నారు. "ఏసోబూ, నువ్వు కూడా కూర్చో. పలకలు ఎన్ని పడతాయి?"